ఊరికే నేర్పేవాళ్ళు

అనంతమ్మ హాస్టల్లో చేరాలంటే మూడు కాగితాలు ఇవ్వాలి. ఆధార్ జెరాక్సు, తండ్రి ఫోన్ నంబరు, కోచింగ్ సెంటర్లో ఫీజు కట్టిన రసీదు. మొదటి రెండూ ఎవరైనా అడుగుతారు. మూడోది మాత్రం ఆవిడ సొంత తెలివి. దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో వెనక సందులో, ఆ మూడంతస్తుల ఆడపిల్లల హాస్టల్లో యాభై మందికి పైగా ఉంటారు. ఎవరు ఏ సెంటరు, ఏ బ్యాచి, ఎన్నింటికి పోయి ఎన్నింటికి వస్తారో ఆవిడకు నోటికొచ్చు. మొహాలు మరిచిపోతుందేమో గానీ భుజాన వేలాడే సెంటరు సంచి రంగు మరిచిపోదు. తల్లిదండ్రులు పిల్లల్ని నమ్మి కాదు, అనంతమ్మను నమ్మి పంపిస్తారు. ఆ మాట ఆవిడే పదిసార్లు అంటుంది కూడా.

జ్యోతికది ఎర్ర సంచి, అంటే బ్యాంకు కోచింగు. ఊరు చిట్యాల దగ్గర. తండ్రి మట్టయ్య ట్రాలీ ఆటో నడుపుతాడు. నెమ్మదైన పిల్ల. అన్నం పారెయ్యదు, నల్లా కట్టెయ్యడం మరిచిపోదు, గట్టిగా నవ్వదు. అలాంటి పిల్ల మీద అనుమానం రావాల్సిన పనే లేదు. కానీ ఒకరోజు అనంతమ్మ కూరగాయలకని పోతూ ఆ సెంటరు ముందు ఆగింది. బోర్డు మారిపోయింది. అడిగితే బ్యాంకు బ్యాచి అయిపోయి నాలుగు నెలలైందన్నారు. మరి రోజూ పొద్దున పదింటికి ఎర్ర సంచి వేసుకుని ఈ పిల్ల ఎక్కడికి పోతున్నట్టు? అనంతమ్మకు కాకరకాయల ధర కూడా బుర్రకెక్కలేదు.

ఆ సాయంత్రమే రెండో అంతస్తు మెట్ల దగ్గర నిలబడి చెవి పెట్టింది. జ్యోతిక గదిలోంచి మగ గొంతు వినబడింది. పెద్దవయసు గొంతు. ఏదో భాషలో ఒక మాట అంటుంది, ఆగుతుంది. ఆ ఆగిన జాగాలో జ్యోతిక జవాబు చెబుతుంది. మళ్ళీ ఆ గొంతు, మళ్ళీ ఈ పిల్ల. అర్ధగంట సేపు అదే వరస. అనంతమ్మ తలుపు తోసుకుని లోపలికి పోయింది.

"ఎవరే గాయన?"

జ్యోతిక గభాలున లేచి నిలబడింది. చేతిలో ఫోను, మంచం మీద నోటుపుస్తకం. పుస్తకం నిండా ముగ్గుల్లాంటి గీతలు, గడులు గీసి ఒకే గుర్తు ఇరవైసార్లు.

"జపనీస్ నేర్చుకుంటున్న ఆంటీ."

"ఏ సెంటర్ల?"

"సెంటర్ లేదు. ఫోన్లనే. అన్నీ ఫ్రీ. పాఠాలు, పుస్తకాలు, అక్షరాల యాప్... అన్నీ ఊరికెనే దొరుకుతయ్."

"ఊరికె ఎవడు చెప్తడే పిల్లా? వానికి పని లేదా?"

"నిజంగ ఆంటీ. చెప్పెటోళ్ళు చాలమంది ఉన్నరు." ఆ పిల్ల గొంతు తగ్గించింది. "నాయినకు మాత్రం చెప్పకండి. జర కొన్ని రోజులాగితే నేనే చెప్త."

ఇంకేం కావాలి. 'ఊరికే' అన్న మాట ఒకటి, 'నాయినకు చెప్పకండి' అన్న మాట ఇంకొకటి. ఈ రెండూ ఒకే నోట్లోంచి వచ్చాక అనంతమ్మకు కూర సయించలేదు.

ఊరికే అంటే ఏమిటో ఆవిడకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? భర్త వెంకటేశ్వర్లుది ప్లాట్ల వ్యాపారం. ప్రతి ఆదివారం డిపో ముందు ఏసీ బస్సు నిలబెట్టి, అబ్దుల్లాపూర్‌మెట్ అవతల వెంచర్ చూపిస్తానని జనాన్ని ఉచితంగా ఎక్కిస్తాడు. ఉచితంగా చికెన్ బిర్యానీ, ఆడవాళ్ళకు ఉచితంగా స్టీలు డబ్బా. ఆ బిర్యానీ చెప్పేది అనంతమ్మే, డబ్బాలు కొనేదీ అనంతమ్మే. ఉచితంగా బస్సెక్కినవాళ్ళలో సగం మంది దిగేటప్పటికి కాగితం మీద సంతకం పెట్టి దిగుతారు. పాతికేళ్ళుగా ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఊరికే అన్న ఆ ఒక్క మాట మీదే. అలాంటి మనిషి దగ్గరకొచ్చి దేశం గాని దేశంవాడు ఊరికే చదువు చెబుతున్నాడంటే నమ్ముతుందా?

గురువారం నాడు జ్యోతిక సంచి వేసుకుని బయల్దేరగానే అనంతమ్మ చెప్పులు తొడుక్కుంది. వంటమనిషి సైదమ్మ, "ఏడికమ్మా?" అంటే జవాబు చెప్పలేదు. పిల్ల షేర్ ఆటో ఎక్కితే వెనకాల ఆటో తానెక్కింది. ఎల్బీనగర్ దాటి మన్సూరాబాద్ వైపు కాలనీ పార్కు ముందు దిగింది జ్యోతిక. అనంతమ్మ కొబ్బరిబోండాల బండి చాటున నిలబడి ఇష్టం లేకపోయినా ఒక బోండం కొట్టించుకుంది.

పార్కులో నలుగురు కూర్చుని ఉన్నారు. ఇద్దరు మగపిల్లలు, ఒక ఆడపిల్ల, యాభై దాటిన ఒక కళ్ళజోడు మనిషి. జ్యోతికను చూడగానే నలుగురూ లేచి నడుము దాకా వంగి దండం పెట్టారు. ఈ పిల్లా వంగింది. మళ్ళీ వాళ్ళు వంగారు. వరసగా ఏదో చదవడం, ఒకరు తప్పితే మిగతావాళ్ళు నవ్వడం, ఆ కళ్ళజోడు మనిషి చేత్తో గాలిలో ఏవో గీయడం. మతం మార్చేవాళ్ళా? గొలుసుకట్టు వ్యాపారమా? పిల్లల్ని దేశం దాటించే ముఠా అయితే? ఆవిడ బోండంలో నీళ్ళు సగం వదిలేసి ఇంటికొచ్చింది.

రెండు రోజులు కొట్టుమిట్టాడింది. వెంకటేశ్వర్లుతో చెబితే, "ఊరికె చెప్తున్నరంటె ఎనక ఏదో ఉంటది. వాళ్ళ నాయినకు చెప్పి చేతులు దులుపుకో," అన్నాడు. శనివారం సాయంత్రం ఫోన్ చేసింది. కోచింగు లేదని చెప్పింది, ఫోనులో మగ గొంతు సంగతి చెప్పింది, పార్కులో మగవాళ్ళతో కూర్చుంటోందని చెప్పింది. తను చూసిందంతా చెప్పింది, చూడనిది మాత్రం ఒక్కటీ కల్పించలేదు. అవతల మట్టయ్య, "సరే అమ్మా," అని పెట్టేశాడు. అనంతమ్మకు నెత్తి మీది బరువు దిగినట్టయింది.

ఆదివారం ఎనిమిది కొట్టకముందే మట్టయ్య గేటు ముందున్నాడు. గడ్డం మాసి ఉంది, చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పి ఉన్నాయి. జ్యోతిక తయారై కిందికి దిగుతూ తండ్రిని చూసి మెట్ల మీదే ఆగిపోయింది.

"కోచింగ్‌ల ఉన్నవా లేవా? ఒక్క మాట చెప్పు," అన్నాడు మట్టయ్య.

"లేను నాయినా. కానీ..."

"నడువు."

అంతే. చేతిలో ఫోను తీసుకుని జేబులో వేసుకున్నాడు. పిల్ల ఏదో చెప్పబోయింది, అనంతమ్మ మొహం చూసి ఆగిపోయింది. ఇద్దరూ సందు మలుపు తిరిగారు. అనంతమ్మ మంచి పని చేశాననే అనుకుంది, టీ పెట్టమని సైదమ్మకు చెప్పింది.

ఆ టీ చల్లారకముందే జ్యోతిక గదిలో ఉండే సాయిప్రియ తడి తల తుడుచుకుంటూ దిగింది. "జ్యోతిక పరీక్షకు పోయిందా ఆంటీ? హాల్ టికెట్ బల్ల మీదనే మర్చిపోయింది."

"ఏం పరీక్ష?"

"జపనీస్ పరీక్ష. ఉప్పల్ కాడ కాలేజీల. తొమ్మిదిన్నరకు గేటు బంద్ చేస్తరు. ఇది పాసైతె మాదాపూర్‌ల జపానోళ్ళ ఆఫీస్ ఒకటి ట్రైనింగ్‌కు తీస్కుంటదంట. ఏడాది సంది దీనికే చదువుతున్నది. ఇది పోతె మల్ల ఆర్నెల్లాగాలె, అప్పటికి ఆ ఆఫీస్‌ల ఖాళీలుంటయో లేదో."

"మరి ఆ గొంతెవనిది? ఆ పార్కులోళ్ళెవరు?"

సాయిప్రియ తన ఫోనులో ఆ పాఠం పెట్టి చేతికిచ్చింది. తెల్లజుట్టు ముసలాయన ఒక పలక ముందు కూర్చుని ఉన్నాడు. మాట అన్నాడు, ఆగాడు. ఎవరూ జవాబివ్వకపోయినా ఆగినంతసేపు ఆగి, తలూపి, ఇంకో మాట అన్నాడు. ఎప్పుడో తీసిపెట్టిన వీడియో అది. చూసేవాళ్ళు పలకాలని వదిలిపెట్టిన జాగా అది. "రిటైరైన సారంట. పార్కుల వాళ్ళు గూడ గీ పాఠాలు చూసి నేర్చుకుంటున్నోళ్ళే. ఫోన్ గ్రూపుల కలిసి, రోజు ఆడ మాట్లాడుడు ప్రాక్టీస్ చేస్తరు. గా కళ్ళజోడాయన బీమా ఏజెంటు, కోడలు జపాన్‌ల ఉన్నదని నేర్చుకుంటున్నడు. వాళ్ళ దేశంల నమస్తె పెట్టుడంటె వంగుడే ఆంటీ."

"ఆగు. చివర్ల అడుగుతడు సూడు," అంది అనంతమ్మ. ఆవిడ ఆ వీడియోను వేలితో చివరిదాకా జరిపింది. నంబరు అడుగుతాడేమో, పైసలడుగుతాడేమో, సంతకమడుగుతాడేమో. ముసలాయన పాఠం ముగించి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టి, కనబడని పిల్లలకు తల వంచాడు. తెర నల్లబడింది. ఇంకొకటి పెట్టించింది. అందులోనూ అంతే. ఎనిమిదింబావు అయింది. అనంతమ్మ సాయిప్రియ చేతిలోని హాల్ టికెట్టు గుంజుకుని పరిగెత్తింది.

ఎల్బీనగర్ చౌరస్తాలో నల్గొండ వైపు బస్సులు ఆగేచోట ఆదివారం జనం కిక్కిరిసి ఉన్నారు. వాళ్ళ ఊళ్ళో ఆగే పల్లెవెలుగు బస్సు ఇంకా రాలేదు, అదే అదృష్టం. జ్యోతిక పేవ్‌మెంటు అంచున కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బాయి. మట్టయ్య రోడ్డు వంక చూస్తూ నిలబడ్డాడు.

"మట్టయ్యా, పిల్లను పంపు. దానికి పరీక్ష ఉన్నది. తప్పు నాది, తెల్వక చెప్పిన," అంది అనంతమ్మ రొప్పుతూ.

మట్టయ్య ఆవిడను కిందినుంచి పైకి చూశాడు. "నిన్న మొగోళ్ళతోని పార్కుల తిరుగుతున్నదంటిరి. ఇయ్యాల పరీక్ష, పంపు అంటున్నరు. ఏది నమ్మాలె నేను?"

"ఇప్పుడు చెప్పేదే నమ్ము. వాళ్ళంత చదువుకునెటోళ్ళే. నా కండ్లతోని చూసి ఒచ్చిన."

"నిన్న గూడ కండ్లతోని చూసిననే అంటిరి." అతను గొంతు పెంచలేదు. "అమ్మా, నాకు ఒకటి చెప్పున్రి. నా బిడ్డ పరీక్ష రాస్తె మీకేమొస్తది?"

"ఏం రాదు."

"ఏం రాకుంటనే ఇంత దూరం ఉరుకొచ్చిన్రా?"

అనంతమ్మ హాల్ టికెట్టు అతని ముందుకు చాపింది. ఏం చెప్పినా ఇతను ఎందుకు నమ్మడో ఆవిడకు తెలుసు. తనైనా నమ్మేది కాదు. చేతిలో హాల్ టికెట్టు చెమటకు మెత్తబడుతోంది, చౌరస్తా గడియారంలో ఎనిమిది నలభై దాటింది. దూరంగా పల్లెవెలుగు బస్సు కనబడింది.

అప్పుడు జ్యోతిక లేచింది. "నాయినా, నేను అబద్ధమాడిన. బ్యాంకు బ్యాచ్ అయిపోయిందని చెప్తె ఇంటికి రమ్మంటవని చెప్పలె. ఇంట్ల ఫోన్ పట్టుకుంటె సీరియల్ చూస్తున్నదంటరు, ఊర్ల సిగ్నలుండదు. పాసై సర్టిఫికెట్ తెచ్చి నీ చేతుల పెట్టి చెప్దామనుకున్న. ఆంటీని నమ్మకు, నన్ను గూడ నమ్మకు. నువ్వే నాతోని ఒచ్చి గేటు కాడ నిలబడు. ఆ పార్కులోళ్ళంత ఆడనే ఉంటరు, కండ్లార సూడు. నీకు నచ్చకుంటె గేటు కాడినుంచే ఊరికి పోదం. ఒక్క మాట గూడ అన."

బస్సు వచ్చి ఆగింది. జనం తోసుకుంటూ ఎక్కారు. కండక్టరు మట్టయ్య వంక చూసి, "ఎక్కుతవా ఎక్కవా?" అన్నాడు. మట్టయ్య అనంతమ్మ చేతిలోని కాగితం తీసుకున్నాడు. ఇంగ్లీషు చదవడం రాదు. అందులో కూతురి ఫోటో చూశాడు, ఆ ఫోటోను, ఎదురుగా ఉన్న మొహాన్ని మార్చి మార్చి చూశాడు. బస్సు కదిలి వెళ్ళిపోయింది.

"ఉప్పల్‌కు ఎంతసేపు పడ్తది?" అన్నాడు కూతురితో.

ఆటో ఆపింది అనంతమ్మే. డ్రైవరుకు దారి చెప్పి తనూ ఎక్కబోయింది. మట్టయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. "మీరొద్దమ్మా."

"గేటు కాడ ఎవరన్న అడిగితె నేను చెప్త మట్టయ్యా..."

"నా బిడ్డ అబద్ధమాడింది. అది మేం మేం చూస్కుంటం. మీరు పెద్దోళ్ళు, దాన్ని కూసోబెట్టి ఇంకో మాట అడగకపోతిరి. మా ఇంటిది రాత్రి నుంచి బువ్వ ముట్టలె. పిల్ల అమ్ముడువోయిందేమో అని ఏడుస్తున్నది. నా బిడ్డ మీద నాకు లేని అనుమానం మీరు పెట్టిన్రు. ఇగ అది నాకు జల్ది పోదు."

అనంతమ్మకు ఏడుపు ముంచుకొచ్చింది. నడిరోడ్డు మీద ఎప్పుడూ ఏడవని మనిషి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఆటో లోపలికి వంగి, "నీ మంచం నీకే ఉంచుత బిడ్డా. మంచిగ రాసి సక్కగ హాస్టలుకే రా," అంది.

జ్యోతిక కళ్ళు తుడుచుకుంది. ఆ పిల్లకు కోపం కూడా లేదు, ఉంటే బాగుండేది.

"వద్దు ఆంటీ, ఎవరికన్న ఇచ్చెయ్యున్రి," అంది మెత్తగా. "నాయిన సాయంత్రం ఒచ్చి సామాను తీసుకపోతడు."

ఆటో ఉప్పల్ వైపు మలుపు తిరిగింది. అప్పటికి తొమ్మిది కావడానికి ఏడు నిమిషాలుంది.