మంట దగ్గరి తుపాకి

లొరియానో నా తుపాకుల కొట్లో ఉండగానే ఫోస్కా రావాలా! వాళ్ళిద్దరికీ రెండేళ్ళుగా మాటల్లేవు. లొరియానో మా మరెమ్మా కొండల్లో అడవిపంది వేట జట్టుకి పెద్ద. రెండేళ్ళ కిందట ఓనాడు వేట ముగిశాక చలిమంట దగ్గర రొట్టె కాల్చుకుంటుంటే, ఖాళీ అనుకున్న అతని తుపాకి పేలి ఫోస్కా మొగుడు ఈవో మోకాలు పోయింది. తన తుపాకే జారి పేలిందని ఈవో పోలీసులకి చెప్పాడు, స్నేహం కొద్దీ. నిజం తెలిసిన ఊరు మాత్రం బెల్లం కొట్టిన రాయిలా ఊరుకుంది.

ఇప్పుడు ఫోస్కా కొడుకు దారియోకి వేట లైసెన్సు వచ్చింది. ఆదివారం తండ్రి స్థానంలో జట్టుతో పోతానని పట్టుబట్టాడు. వాణ్ణి ఆపడం ఎవరి తరమూ కాలేదు.

“తుపాకులు చూపించు, ఇల్వా,” అంది ఫోస్కా, లొరియానో వైపు చూడకుండా.

మూడు తీసి, తెరిచి చూసి, బల్లమీద పెట్టాను. గొట్టాలు పక్కపక్కనున్నది ఒకటి, ఒకదానిమీద ఒకటున్నది ఇంకొకటి. మూడోది ఒంటిగొట్టం సెమీ ఆటోమేటిక్, మళ్ళీ నింపకుండా వరసగా పేలేది.

“ఆ రెండూ తాతలకి. కుర్రాడికి ఇదే ఇవ్వు,” అన్నాడు లొరియానో. “రెండు గుండ్లతో పంది ఆగకపోతే ఏం చేస్తాడు, దండం పెడతాడా?”

“నిన్నెవరడిగారు?”

“జట్టు పెద్దని. నేను చెప్పక ఎవరు చెప్తారు?”

“పంది సంగతి నాకొద్దు. ఇల్వా, తుపాకి ఖాళీ అని మంటకి అవతల కూర్చున్నవాడికి ఎలా తెలుస్తుంది?”

“జంటగొట్టాలైతే మధ్యలో కీలు దగ్గర విరిచి, తెరిచి చేతిమీద వేసుకుంటారు, దూరం నుంచే తెలిసిపోతుంది. ఈ మూడోది విరగదు. దగ్గరికెళ్ళి లోపలికి తొంగిచూడాలి. లేదా మోసేవాడి మాట నమ్మాలి.”

“మాట!” అని నవ్వింది ఫోస్కా.

లొరియానో మొహం కందగడ్డయింది. “ఇంటికెళ్ళి ఉల్లిపాయలు తరుక్కో!” అంటూ సెమీ ఆటోమేటిక్ లాక్కుని, టక్కున మూసి, భుజానికెత్తి గిర్రున తిరిగాడు. గొట్టం ఫోస్కా గుండెల మీదుగా పోయింది. నాకు ఒళ్ళు మండింది.

“దించు!” అని అరిచాను.

“ఖాళీయే కదా!”

ఆ రోజు మంట దగ్గరా అదే మాట అన్నాడు. అది అతనికీ గుర్తొచ్చినట్టుంది, మెల్లగా దించాడు.

ఫోస్కా పక్కపక్క గొట్టాలదాన్ని ముందుకు తోసింది. “ఇది ఇవ్వు.”

“దారియో లైసెన్సు తెచ్చావా?”

“వాడికి వాళ్ళ నాన్న జంటగొట్టాలది ఉందిగా. ఇది వీడికి.” గడ్డంతో లొరియానోని చూపించింది. “తియ్యి లైసెన్సు. ఆదివారం నా కొడుకు పక్కన దీంతోనే నిలబడు, మంట దగ్గర విరిచి పెట్టు. కాదంటే మా ఆయన్ని వెంటబెట్టుకుని నేరుగా పోలీసుల దగ్గరికే పోతాను. ఆయన దాచింది ఆయన నోటితోనే చెప్పిస్తాను.”

“ఈవో చెప్పడు!”

“తన కాలు గురించి చెప్పలేదు. ఇప్పుడు వెళ్ళేది కొడుకు.”

సాయం రమ్మన్నట్టు లొరియానో నావైపు చూశాడు. నేను రిజిస్టరు తెరిచి, పుట్టినప్పటి నుంచీ ఎరిగిన మనిషిని “పేరు?” అని అడిగాను.

లైసెన్సు బల్లమీదికి విసిరాడు. తుపాకి భుజాన వేసుకోబోయి ఆగాడు. ఫోస్కా కళ్ళార్పకుండా చూస్తోంది. మధ్యకి విరిచి, రెండు గొట్టాల్లోకీ తొంగిచూశాడు.