వెనక సీటు

మా బావ కారు అద్దెకి తీసుకునే తీరు చూడాలి. దాని చుట్టూ తిరిగి, వంగి, చతికిలబడి, ఉన్న ప్రతి గీతనీ ఫోన్లో వీడియో తీస్తాడు. "లేకపోతే రేపు మన నెత్తిన రుద్దుతారు" అంటాడు. కారు మీద ఆ శ్రద్ధ చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది.

రెండేళ్ల కిందట ఇదే పరాయి దేశంలో, ఇదే అద్దెకార్ల కౌంటర్ దగ్గర కారుకి పూర్తి బీమా తీసుకున్నాడు. అద్దాలకీ, టైర్లకీ కూడా! ప్రమాదంలో మనుషులకి దెబ్బ తగిలితే ఆదుకునే బీమా విడిగా ఉంటుంది, ఎంతమందికి కావాలంటే అంతమందికి. అది మాత్రం తనొక్కడికే రాయించుకున్నాడు. మర్నాడు ఘాట్ రోడ్డు మలుపులో కారుని తీసుకెళ్లి రాతిగోడకి గుద్దాడు. ఆయన చిటికెన వేలు బెణికింది. వెనక కూర్చున్న మా అక్క కుడిచెయ్యి నుజ్జయిపోయింది.

అక్కది కుట్టుపని. కత్తెర పట్టిందంటే గుడ్డ మీద గీత గీసుకునే పనే ఉండేది కాదు. ఇప్పుడా వేళ్లు ముడుచుకోవు. దుకాణం మూసేసింది.

బావ వేలి కట్టుకి బీమావాళ్లు ఖర్చిచ్చారు. అక్కని మాత్రం సగం వైద్యంతో ఇంటికి తీసుకొచ్చేశాడు. మా ఊరి ఆస్పత్రి వరండాలో నిలదీశాను, అక్కకెందుకు రాయించలేదని. ఆయన కాఫీ ఊదుకుంటూ, "వెనక సీట్లో కూర్చునేవాళ్లకి ఏమవుతుందే? దండగ కదా" అన్నాడు. తప్పయిందన్న మాట ఇవాళ్టిదాకా ఆ నోట్లోంచి ఊడిపడలేదు. ఆ ఒక్క మాట ఆయనచేత కక్కించాలి. రెండేళ్లుగా నా పట్టుదలంతా అదే.

అప్పుడు చూడకుండా వచ్చేసిన జలపాతం చూడాలని ఈ ఏడు అక్కే పట్టుబట్టింది. బావ లైసెన్సు గడువు దాటిపోయింది, కొత్తది చేయించుకోవడానికి బద్ధకం. స్టీరింగు నా చేతికొచ్చింది. దొరికాడురా దేవుడా అనుకున్నాను.

బావ బయట గీతల వీడియో తీస్తుంటే, కౌంటర్లో అమ్మాయి అడిగింది. "మనుషుల బీమా ఎంతమందికండీ?"

"ఇద్దరికి. నాకూ, ముందు కూర్చునే మా అక్కకీ."

"మరి ఆయనకి?"

"వెనక సీట్లో కూర్చునేవాళ్లకి ఏమవుతుందమ్మా? దండగ."

పక్కనే ఉన్న అక్క నా మొహంలోకి చూసింది. చేతిసంచి ఎడమ భుజానికి మార్చుకుంది.

ఘాట్ రోడ్డెక్కి నాలుగు మలుపులు తిరిగాక తాపీగా చెప్పాను. "బావా, మీకు బీమా రాయించలేదు."

"వేళాకోళమా?"

"ఒట్టు."

నేను బండి మెల్లగానే నడుపుతున్నాను. అయినా ఆయన రెండు చేతులతో నా సీటు పట్టుకుని వేలాడాడు. కిటికీలోంచి లోయ చూసి కళ్లు మూసుకున్నాడు. "ఆపవే తల్లీ! వెనక్కి తిప్పు! నాకూ రాయించు!"

"తిప్పుతాను. ముందు అక్కకి చెప్పాల్సింది చెప్పండి."

"ఏం చెప్పాలి?"

ఇంకో మలుపు తిప్పాను.

"తప్పయింది! తప్పయిపోయిందే! అన్నానుగా, ఇంక తిప్పు!"

నా కడుపు చల్లబడింది. రోడ్డు వెడల్పుగా ఉన్నచోట పక్కకి తీసి ఆపి, వెనక్కి తిప్పడానికి ఇండికేటర్ వేశాను. అక్క తన కుడిచెయ్యి తెచ్చి నా చేతి మీద పెట్టింది. ఆ వేళ్లు కర్రముక్కల్లా ఉన్నాయి.

"అది నాకు చెప్పిన మాట కాదే" అంది. "తన కాళ్లూ చేతుల కోసం చెప్పుకున్నాడు. నాకు చెప్పాలనుకుంటే రెండేళ్లూ పక్కనే ఉన్నాను కదా."

తర్వాత వెనక్కి తిరిగి ఆయన్ని చూసింది. ఆ మొహంలో కోపం కూడా లేదు.

"వెనక కూర్చున్నవాళ్లకి ఏమవుతుందండీ?" అని, నాతో "పోనీవే" అంది.

ఇండికేటర్ తీసేసి బండి పైకే పోనిచ్చాను. జలపాతం దాకా ఇంకా చాలా మలుపులున్నాయి.