వినాల్సిన మాట

ఆ వీధిలో గోడను ఆనుకుని పద్నాలుగు చిన్న దుకాణాలున్నాయి. మూడోది కాజాల అక్కది. చొక్కాలకు కాజాలు కుట్టడంలో ఆమెకు సాటి లేదని ఆ పేరు. నలభై దాటాక పదో తరగతిలో చేరింది. పొద్దున రెండు గంటలు బడి, ఆ తర్వాత మిషను. "మనవల్ని ఎత్తుకునే వయసులో పుస్తకాల సంచీ ఏమిటే?" అని అత్తగారు దెప్పేది. ఆ రెండు గంటలూ కొట్టు చూసుకునేది మాత్రం ఆవిడే.

ఒక సోమవారం బడి నుంచి వచ్చేసరికి ప్రతి షట్టరు మీదా ఒక కాగితం అంటించి ఉంది. రోడ్డు వెడల్పు కోసం మూడు రోజుల్లో ఖాళీ చేయాలి, లేదంటే కూల్చేస్తామని. కింద పురపాలక కమిషనరు సంతకం.

"ఊరందరి తాళాలూ తీశాను. ఈ తాళానికి మారుతాళంచెవి ఎక్కడ తేను?" అని తలపట్టుకున్నాడు పక్క కొట్లోని తాళాల తాత.

అక్క ఆ కాగితం రెండుసార్లు చదివింది. "ఏ చట్టం ప్రకారమో ఇందులో లేదు తాతా. మనల్ని పిలిచి అడిగిందీ లేదు."

"అంత పెద్ద ఆఫీసరు సంతకమే చట్టం కదమ్మా!"

"కాదు. చట్టం ఇచ్చినంతే ఆయన అధికారం. మొన్ననే పాఠంలో చదివాను."

అందర్నీ వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్ళింది. కమిషనరు కోప్పడలేదు, నవ్వాడు. "కౌన్సిల్లో ఎక్కువమంది చేతులెత్తారమ్మా. మీరు పద్నాలుగు మంది, అటువైపు ఊరంతా. ప్రజాస్వామ్యం అంటే ఇదే కదా?"

అక్క అక్కడి నుంచి నేరుగా తనకు పాఠం చెప్పే పంతులమ్మ ఇంటికి వెళ్ళి, జరిగింది చెప్పింది.

"ఎక్కువమందికి పాలించే హక్కుంది. కానీ వాళ్ళు కూడా దాటకూడని గీత ఒకటుంది. ఆ గీత గీసేదే రాజ్యాంగం," అంది పంతులమ్మ. "ఇన్నేళ్ళుగా చెబుతున్నాను. పరీక్షలో రాసినవాళ్ళే గానీ వాడినవాళ్ళు లేరు. పద," అని చెప్పులు వేసుకుంది. ఉచితంగా వాదించే ఒక లాయరమ్మ దగ్గరికి ఇద్దరూ వెళ్ళారు.

బుధవారం కోర్టుకు బయల్దేరుతుంటే అత్తగారు గొణిగింది. "సర్కారు జీతం తీసుకునే జడ్జి సర్కారును తప్పంటాడటే?"

"అనాలనే ఆయన్ని వేరుగా కూర్చోబెట్టారు అత్తయ్యా."

జడ్జి కమిషనర్ని ఒకటే అడిగాడు. "వీళ్ళ మాట విన్నారా?"

"కౌన్సిలు తీర్మానం ఉందండీ..."

"విన్నారా, లేదా?"

"లేదండీ."

జడ్జి అక్క వైపు తిరిగాడు. "మీరేమైనా చెబుతారా?"

అక్క లేచింది. "రోడ్డు వద్దనడం లేదయ్యా. ఎక్కువమంది అనుకున్నది చేయనివ్వండి. కానీ తక్కువమందిని అడగకుండా చేస్తే, రేపు ఎవరు తక్కువైతే వాళ్ళ వంతు వస్తుంది. ఇవాళ మేము, రేపు ఇంకెవరో."

ఆ ఉత్తర్వు కొట్టేశారు. ముందు దుకాణదారుల మాట విని, ఆ తర్వాతే నిర్ణయించాలని తీర్పు. తాళాల తాత కోర్టు వరండాలోనే ఈల వేయబోతే లాయరమ్మ అతని నోరు మూసింది.

ఆ నెలలోనే కౌన్సిలు వాళ్ళను పిలిచింది. అక్క ఉత్త చేతులతో వెళ్ళలేదు. గోడ వెనక పాత ఇనుము పడేసిన పురపాలక స్థలాన్ని తన టేపుతో కొలిచి, చొక్కాకు కత్తిరింపు గీసినట్టు కాగితం మీద గీసి తీసుకెళ్ళింది. గోడనూ, దానితో పాటు కొట్లనూ ఆరడుగులు వెనక్కి జరిపితే రోడ్డూ వస్తుంది, దుకాణాలూ మిగులుతాయి. ఇంజనీరు వెళ్ళి కొలిచి వచ్చాడు. "లెక్క సరిగ్గా ఉంది. ఇది మాకెందుకు తట్టలేదో!" అన్నాడు. కమిషనరు ఆ గీత కాగితాన్ని చాలాసేపు చూసి, "మిమ్మల్ని ముందే అడగాల్సిందమ్మా," అన్నాడు.

సభలో మళ్ళీ చేతులు లేచాయి. ఈసారి ఒక్కటి కూడా కింద మిగల్లేదు. వెనక బల్ల మీద కూర్చున్న అత్తగారు కూడా చెయ్యెత్తింది. "మీకు ఇక్కడ ఓటు లేదమ్మా," అని బంట్రోతు వచ్చి చెప్పాడు.

"తెలుసులేవయ్యా," అంది ఆవిడ, చెయ్యి దించకుండానే.