కదలని అంకె

కృపానందం గారి కంప్యూటర్ మూడోసారి నా బల్ల మీదికి వచ్చినప్పుడు నాకు ఒళ్ళు మండింది. కంప్యూటర్ పాపం ఏం చేసింది, కోపమంతా ఆయన మీదే.

గవర్నర్‌పేటలో ‘సాలేహా కంప్యూటర్స్’ నాదే. పన్నెండేళ్ళుగా పాత కంప్యూటర్లు బాగు చేస్తున్నాను. ఇన్నేళ్ళలో నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటే: యంత్రాలు అబద్ధమాడవు, వాటిని మోసుకొచ్చేవాళ్ళు ఆడతారు. టీ ఒలికిందని ఒక్కరూ చెప్పరు. చేతిలోంచి జారిందనీ చెప్పరు. “ఉన్నట్టుండి ఆగిపోయిందండీ” అంటారు అమాయకంగా. విప్పి చూస్తే లోపల చీమలు కాపురం పెట్టి ఉంటాయి.

కృపానందం గారు ఆ బాపతు అనుకోలేదు నేను. అరవై ఆరేళ్ళ ప్రూఫ్‌రీడర్ ఆయన. బెజవాడలో అచ్చయ్యే పుస్తకాల్లో తప్పులు ఏరడం నలభై ఏళ్ళుగా ఆయన వృత్తి. ఆయన చూసిన పేజీని మరొకరు చూడనక్కర్లేదని ప్రెస్సుల వాళ్ళు చెప్పుకుంటారు. కాగితం ప్రూఫులు పోయి ఫైళ్ళు వచ్చాక, యాభై అయిదో ఏట ఎర్ర పెన్ను పక్కన పెట్టి కంప్యూటర్ నేర్చుకున్నారు. అప్పుడు కొన్న కంప్యూటరే ఇది.

దాని జబ్బు ఒక్కటే. నెలకోసారి వచ్చే అప్‌డేట్ మొదలవుతుంది, నీలం తెర వస్తుంది, సగంలో బిగుసుకుపోతుంది. ఆయన గంటసేపు చూసి, ఇక లాభం లేదని బటన్ నొక్కిపట్టి ఆపేస్తారు. మొదటిసారి తెచ్చినప్పుడు హార్డ్ డిస్క్ పరీక్షించాను, బాగానే ఉంది. పనికిరాని ఫైళ్ళు తీసేసి చోటు చేశాను. ఫ్యాన్‌లో దుమ్ము దులిపాను. నా బల్ల మీద అప్‌డేట్ మూడున్నర గంటల్లో నిక్షేపంగా పూర్తయింది. రెండోసారి ర్యామ్ మార్చాను, ఇంట్లో కరెంటు హెచ్చుతగ్గుల వల్లేమోనని యూపీఎస్ కూడా కొత్తది పెట్టించాను. ఇక్కడ మళ్ళీ పూర్తయింది. ఆయన ఇంటికి వెళ్ళాక, తర్వాతి నెల మళ్ళీ అదే గోల.

అందుకే మూడోసారి మొహమాటం లేకుండా అడిగేశాను.

“నిజం చెప్పండి సార్. ఓపిక లేక మధ్యలో ఆపేస్తున్నారు కదూ?”

“ఆగిపోయాకే ఆపానమ్మా. గంటసేపు కళ్ళార్పకుండా చూశాను. కాస్త కదిలితే ఒట్టు.”

ఈసారి ఆయనకి తొందర ఎక్కువ. ఊళ్ళల్లో తిరిగే ఆరోగ్య కార్యకర్తల కోసం ఒక ప్రచురణ సంస్థ పిల్లల మందుల పుస్తకం వేస్తోంది. ఏ జబ్బుకి ఏ మందు, ఏ వయసుకి ఎంత మోతాదు, అన్నీ కలిపి ఏడు వందల పేజీలు. ఆరు వందలు చూసి పంపేశారు. మిగిలినవి చూద్దామంటే, ఈ నెల అప్‌డేట్ లేనిదే ప్రూఫులు దిద్దే సాఫ్ట్‌వేర్ తెరుచుకోనంటోంది. శుక్రవారానికి పూర్తి చేయకపోతే మేనేజర్ జయదేవ్ గారు పని వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు.

“ఒక్కసారి చెయ్యి జారితే ఇంక ఈ వయసులో ఎవరు పిలుస్తారమ్మా? ఈ పని తప్ప నాకింకోటి రాదు,” అన్నారు. అంత పెద్దమనిషి అలా అంటే నా కోపం సగం చల్లారింది.

షాపులో బాగుండి ఇంట్లో ఆగిపోతోందంటే ఇంట్లోనే ఏదో ఉంది. బుధవారం పొద్దున్నే కంప్యూటర్‌ని స్కూటీ మీద పెట్టుకుని గుణదలలో వాళ్ళింటికి వెళ్ళాను.

తలుపు తీసింది ఆయన భార్య తెరేసమ్మ గారు. “రామ్మా సాలేహా. ఆ పెట్టె సంగతేదో తేల్చు తల్లీ, దాని మీది కోపంతో ఈయన నన్ను వేపుకు తింటున్నారు,” అని నవ్వి, కాఫీ ఇచ్చి, వంటింటి గుమ్మంలో చాట ముందేసుకుని కూచున్నారు. కందిపప్పులో రాళ్ళేరుతూ అన్నారు: “ఇదివరకు ఈ పని ఆయనదే, తెలుసా? ఒక్క రాయి మిగలనిచ్చేవారు కాదు. ఏడాదై ముట్టుకోవట్లేదు. పనెక్కువైందట.”

“ఎక్కువ కాదా మరి?” అన్నారాయన అటు తిరక్కుండానే.

వైర్లన్నీ చూశాను. ప్లగ్గు వదులుగా లేదు, కరెంటు సరిగ్గానే ఉంది. అప్‌డేట్ మొదలుపెట్టి ఆయన పక్కనే కుర్చీ వేసుకున్నాను. నీలం తెర వచ్చింది. మధ్యలో తెల్లచుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి. వాటి కింద సన్నటి అక్షరాల్లో ఎంత శాతం పూర్తయిందో కనిపిస్తోంది. పాత ప్రాణం కదా, ఒక్కో అంకెకీ రెండేసి నిమిషాలు తీసుకుంటోంది. ఆయన సీసపు అక్షరాల రోజుల గురించీ, వేళ్ళకంటిన సిరా అన్నం తినేటప్పుడు కూడా వాసన వేయడం గురించీ చెబుతున్నారు. నేను వింటూ ఇరవై ఏడు దాకా చూశాను.

ఆయన మాట ఆపి ముందుకు వంగారు. “చూశావా? ఆగిపోయింది.”

“లేదు సార్, నడుస్తోంది.”

ఇంకో పది నిమిషాలు గడిచాయి.

“ఇప్పుడేమంటావు? నీ కళ్ళముందే కదా, ఇసుమంతైనా కదల్లేదు!” ఆయన గొంతులో పందెం గెలిచినవాడి హుషారు. చెయ్యి అప్పుడే బటన్ వైపు వెళ్తోంది.

“ఆగండి సార్! ముప్ఫై రెండు. అదిగో, ముప్ఫై మూడైంది.”

“ఎక్కడ?”

నేను తెర వంక చూసి, ఆయన వంక చూశాను. ఆయన సరిగ్గా ఆ అంకె మీదికే, కళ్ళార్పకుండా చూస్తున్నారు.

“చుక్కలు తిరుగుతున్నాయి కద సార్?”

“ఏ చుక్కలమ్మా?”

గుమ్మంలో చాట చప్పుడు ఆగిపోయింది.

ఫైళ్ళు తెరిచినప్పుడు ఆయన అక్షరాల్ని జామకాయంత చేసుకుని చదువుతారని నాకు తెలుసు. వయసు కదా అనుకున్నాను. ఆ కంప్యూటర్ మొత్తంలో పెద్దది చేసుకోవడానికి వీల్లేని తెర ఈ అప్‌డేట్ తెర ఒక్కటే. అది ఏనాడూ ఆగలేదు. నడుస్తున్నట్టు ఆయనకి కనబడలేదు, అంతే. నేను రెండుసార్లు విప్పి బిగించానే గానీ, ఒక్కసారైనా ఆ మనిషిని పక్కన కూచోబెట్టుకుని చూడలేదు. పైగా ఆయన్నే అనుమానించాను. సిగ్గేసింది.

“ఎప్పట్నుంచి సార్?” అన్నాను మెల్లగా.

“మధ్యలో కాస్త మసకంతే. పక్కలు బానే కనిపిస్తాయి. ఏడాది, ఏడాదిన్నర... కళ్ళజోడు మారిస్తే సర్దుకుంటుందిలే.” గొంతు తగ్గించారు. “ఈ మాట నీ దగ్గరే ఉంచు. ప్రెస్సువాళ్ళకి తెలిసిందంటే నా పని అయిపోయినట్టే. తెరేసకి కూడా చెప్పకు.”

నేను తలూపి, నూరు వచ్చేదాకా అంకెలు పైకి చదువుతూ కూచున్నాను. ఆయన ప్రతి అంకెకీ “ఊఁ” కొట్టారు. కంప్యూటర్ తెరుచుకుంది. సాఫ్ట్‌వేర్ కూడా పేచీ పెట్టకుండా తెరుచుకుంది. నేను నోరు మూసుకుంటే చాలు, శుక్రవారానికి ఆయన పని అయిపోతుంది. మూసుకుందామనే అనుకున్నాను. అబద్ధాలంటే అంత మండిపడే దాన్ని, ఆ పూట ఆయన కోసం ఎన్నయినా ఆడేదాన్ని.

“చూడు, పెద్దది చేసుకుంటే నాకేం ఇబ్బంది లేదు,” అంటూ ఆయన అక్షరాలు పెంచి, ఒక పంక్తి గడగడా చదివారు. “ఏడాది లోపు పిల్లలకు పూటకు ఇరవై అయిదు మిల్లీలీటర్లు.”

తెర మీద ఉన్నది రెండున్నర. రెండుకీ అయిదుకీ మధ్య చుక్క ఉంది. అంత పెద్ద అక్షరాల్లో అది శనగగింజంత ఉంది.

ఉన్న చుక్కే కనబడని మనిషికి, పడాల్సిన చోట చుక్క పడలేదని ఎలా తెలుస్తుంది? ఎక్కడో ఏ లంక గ్రామంలోనో, ఆ పుస్తకం చూసి పసిబిడ్డ నోట్లో మందు పోసే చెయ్యి నా కళ్ళముందు మెదిలింది. చెప్పకుండా ఉండలేకపోయాను. చివరికి, “సార్, అది రెండున్నర,” అన్నాను.

ఆయన నవ్వబోయి ఆగిపోయారు. అక్షరాల్ని ఇంకా పెంచారు. మొహం తెరకి ఆనించినంత పని చేశారు. తర్వాత తల పక్కకి తిప్పి, కంటికొసల్లోంచి చూశారు. అప్పుడు కనబడినట్టుంది, మెల్లిగా కుర్చీలో వెనక్కి వాలిపోయారు.

“నాకు తెలుసులెండి,” అన్నారు తెరేసమ్మ గారు గుమ్మంలోంచి. “మీరే చెబుతారని ఊరుకున్నాను.”

ఆయన ఫోన్ తీసుకున్నారు. తడుముకుంటూ నొక్కారు. స్పీకర్‌లో జయదేవ్ గారి గొంతు వినిపించింది.

“ఆఁ, చెప్పండి కృపానందం గారూ! కంప్యూటర్ బాగయిందా?”

“అది బాగానే ఉందండీ. మొదట్నుంచీ బాగానే ఉంది. నాకే కళ్ళు సరిగా కనిపించట్లేదు.” “నేను దిద్దిన పేజీలు ఇంకెవరితోనైనా మళ్ళీ చూపించండి. అంతవరకూ అచ్చుకి పంపొద్దు.”

“అలాగేనండీ... ఈ మధ్య పంపినవేనా? ఏ పేజీ నుంచి చూపించమంటారు?”

“ఒకటో పేజీ నుంచండీ,” అన్నారు కృపానందం గారు.