సిలిండరు పట్టుకునే మనిషి

తైటుంగ్ పట్నంలో డాక్టరు మా ఆయన జిన్-ఫా ఎక్స్‌రే చూసి, ఇంక నీళ్లలోకి దిగొద్దన్నాడు. ముప్పై ఏళ్ల డైవింగుకి తుంటి ఎముక లోపల గుల్లబారిందట. ఎక్స్‌రే కవరు చంకలో పెట్టుకుని పడవలో మా దీవి ల్యూదావ్‌కి తిరిగొచ్చాడు.

ఆ వారమే నేను నీళ్లలోకి దిగుతానన్నాను. ఇరవై ఆరేళ్లుగా మా డైవింగు దుకాణంలో ఊరివాళ్లూ పైఊళ్లవాళ్లూ విప్పేసిన డైవింగు సూట్లు మంచినీళ్లలో జాడించి ఆరేశాను. నాకూ డైవింగు నేర్పిస్తానని ఆయన ప్రతి చలికాలమూ అనేవాడు. వేసవి వస్తే జనంతో తీరిక ఉండేది కాదు. ఇప్పుడు దుకాణమే మూసేస్తున్నాం.

"ట్రయల్ డైవ్ చాలు నీకు," అన్నాడు. "యాభై మూడేళ్లకి లైసెన్సు ఎందుకే? పుస్తకం, పరీక్ష, నాలుగు రోజుల తంటా. గంటలో నేనే దింపి తీసుకొస్తా."

"మీరా?"

"పది మీటర్ల లోతేగా."

ట్రయల్ డైవ్‌లో మనం చేసేదేమీ లేదు. ఊపిరి పీలుస్తుంటే చాలు. వెనక నుంచి మన వీపున ఉన్న గాలి సిలిండరు పట్టుకుని ఒక మనిషి నడిపిస్తాడు, పైకొచ్చేదాకా వదలడు. ఎందరెందరినో ఆయన అలా తీసుకెళ్లడం గట్టుమీంచి చూశాను. నన్నూ అలాగే తీసుకెళ్తాడని ఎదురుచూశాను కూడా.

ఆయన దగ్గర నేర్చుకున్న పెయ్-షాన్‌కి ఇప్పుడు రేవు పక్కన సొంత దుకాణం ఉంది. కోర్సులో చేరే ఫారం తనే తెచ్చింది.

"పిన్నీ, ఏ కోర్సు రాయను?"

"ట్రయల్ రాయి. మాస్టారి పేరు దగ్గర నాది," అన్నాడాయన.

పెయ్-షాన్ పెన్ను ఆపింది. "మాస్టారూ, ఎక్స్‌రే నేనూ చూశాను."

"ఎక్స్‌రే వచ్చి చేపల్ని చూపిస్తుందా? మొదట్లో మాస్కులో నీళ్లు నిండితే భయంతో కాళ్లు కొట్టుకున్నదానివి, నువ్వా నాకు చెప్పేది?"

ఆ పిల్ల నవ్వి తలదించుకుంది. ఇద్దరూ నా వైపు చూశారు.

"లైసెన్సు కోర్సే," అన్నాను. "నీ దగ్గరే, పెయ్-షాన్."

"అంటే, నేనొద్దు," అన్నాడు జిన్-ఫా.

"మీరు దిగొద్దు అంటున్నాను."

"రెండూ ఒకటేనే."

కాదని చెప్పాలనుకున్నాను. పెన్ను అందుకుని ఫారం మీద సంతకం పెట్టాను.

మొదటి రోజు ఆయన కర్ర పట్టుకుని మాతో వచ్చి రేవు మెట్ల మీద కూర్చున్నాడు. లైసెన్సు కోర్సులో ఎవరూ పట్టుకోరు. సముద్రం అడుగున మోకాళ్ల మీద కూర్చుని మాస్కు తీసి, మళ్లీ పెట్టుకోవాలి. కళ్లలో ఉప్పు మండింది. ఏమీ కనబడక, చెయ్యి దానంతటదే వెనక్కి వెతికింది. వెనక నీళ్లే ఉన్నాయి. పెయ్-షాన్ ఎదురుగా చేతులు కట్టుకుని కదలకుండా ఉండిపోయింది. మాస్కు నేనే పెట్టుకున్నాను. ముక్కుతో ఊది మాస్కులోని నీళ్లు నేనే పంపేశాను.

పైకి రాగానే ఆయన అడిగాడు. "అడుగున ఎలా ఉంది?"

ఆ రేవులో ఆయనకి తెలియని రాయి లేదు.

"ఇసుకండీ," అన్నాను. "కొంచెం పగడం."

తలూపాడు. సూటు విప్పడానికి వీపు తిప్పాను. జిప్పు లాగాడు.

"రేపు నన్ను రమ్మనకు," అన్నాడు.

మిగతా మూడు రోజులూ రేవుకి ఒక్కదాన్నే నడిచి వెళ్లాను.