తీగ తాకకుండా

ఆఫీసు కంప్యూటరు నల్లటి తెర మీద తను గీసిన ఆకుపచ్చ పలక మూలల్ని ఆమె ఇంకోసారి సరిచేసింది. ప్లస్ గుర్తులా ఉండే ఆ పలక, చిప్పులో నువ్వుగింజకి నూరోవంతు ఉంటుంది. పక్కనుంచి పోయే తీగలో కరెంటు ఎంతుందో, తీగను తాకకుండా, దాని చుట్టూ పుట్టే అయస్కాంత బలాన్ని బట్టి చెప్పాలి. దానికో పాడు జబ్బుంది. తీగలో ఏమీ లేకపోయినా ఏదో ఉన్నట్టు కాస్త అంకె చూపిస్తుంది. ఆ లేనిపోని అంకెను చెరిపి సున్నా చెయ్యడంలోనే ఆమె జుట్టు నెరిసింది. ఆఫీసులో అందరికీ ఆమె సున్నాక్క.

ఇంట్లో భర్త ఊపిరితిత్తులు చెడి మంచం పట్టాడు. ఆక్సిజన్ మిషను తీగకు ఆమె తన చిప్పొకటి బిగించింది. మిషను లాగే కరెంటు ఆమె ఫోనులో కనిపిస్తుంది. అది చూసుకుంటూనే ఉద్యోగం మానకుండా నెట్టుకొస్తోంది.

"నువ్వు చూసేది నా నాడి కాదే, మిషన్‌ది," అన్నాడు పొద్దున ఆమె చెప్పులేసుకుంటుంటే.

"అది ఆడుతుంటే మీరున్నట్టే. మాటలు తగ్గించండి, ఆయాసం."

"ముట్టుకోకుండా కాపురం చెయ్యడం నీకు బాగా అబ్బిందిలే."

నవ్వబోయి దగ్గాడు. బస్సు పోతుందని ఆమె తలుపు దగ్గరగా వేసి వచ్చేసింది.

మధ్యాహ్నం పరీక్ష బల్ల మీద, కరెంటు లేని తీగ పక్కన, కొత్త చిప్పు సున్నా చూపించింది. వేడి చేశారు, చల్లార్చారు. సున్నా కదల్లేదు.

"దెయ్యం వదిలింది సున్నాక్కా. ఇంక నీకు వేరే పేరు వెతకాలి," అంది పరీక్షలు చేసే ఆవిడ.

ఈ మాట ఆయనకు చెబుదామని ఫోను చేసింది. ఎత్తలేదు. అంకె చూసింది. ఎప్పటిలాగే కొద్దిగా ఊగుతోంది. నిద్రపోయుంటాడులే అనుకుంది.

సాయంత్రం తలుపు తీసేసరికి మిషను మామూలుగానే గురక పెడుతోంది. గొట్టం ముక్కు నుంచి జారి దిండు మీదకు గాలి వదులుతోంది. పిలిచింది. తర్వాత ముట్టుకుంది. చెయ్యి ఎప్పుడో చల్లబడింది.

ఫోనులో అంకె ఇంకా ఊగుతూనే ఉంది. ఆమె మిషను ఆపలేదు. ఆ చప్పుడు ఆగితే ఇంట్లో ఇంకేం వినాల్సొస్తుందోనని భయమేసింది. మంచం అంచున అట్లాగే కూర్చుండిపోయింది.

స్టూలు మీద సగం ఒలిచిన కమలాపండు ఉంది. పీచు తీసిన రెండు తొనలు విడిగా, ఆమె కూర్చునే వైపుకు పెట్టి ఉన్నాయి.