కుడివైపు చివర నిలబడ్డావిడ

“ఊరికే చేసే పనికి అంత ఒళ్ళు వంచడమెందుకు?” అన్నాడు భర్త, ఆమె ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి పెట్టిన చొక్కా తొడుక్కుంటూ.

ఆమెకు నవ్వొచ్చింది. పైకి నవ్వలేదు. నవ్వితే ఎందుకు నవ్వావో చెప్పమంటాడు, చెబితే పొద్దున్నే రభస. అతని మణికట్టు దగ్గర వేలాడుతున్న దారప్పోగును పళ్ళతో తెంపి, “క్యారేజీ బల్ల మీద పెట్టాను” అంది. అతను క్యారేజీ తీసుకుని కరెంటాఫీసుకు వెళ్ళిపోయాడు. వీధి గుమ్మం దాటుతూ, “మధ్యాహ్నం కాసేపు పడుకోవచ్చుగా, హాయిగా” అని కూడా అన్నాడు. అతను చెడ్డవాడని ఎవరూ అనరు. ఆమె కూడా అనదు. అదే చిక్కు. చెడ్డవాడైతే పోట్లాడొచ్చు, పదిమందిలో పెట్టొచ్చు. మంచివాడి మీద ఫిర్యాదు చేస్తే ఊరంతా ఆమెనే ఎగాదిగా చూస్తుంది.

ఏటికి వరదొచ్చి తగ్గి అప్పటికి నెల దాటింది. వాళ్ళ ఇల్లు మెరకన ఉండబట్టి బతికిపోయింది. పల్లపు వీధుల్లో మాత్రం నీళ్ళు అటకలదాకా వచ్చాయి. నీళ్ళు తీశాక జనం పరుపులూ, బీరువాలూ, పిల్లల పుస్తకాలూ తెచ్చి రోడ్డు మీద కుప్పపోశారు. ఆ కుప్పల్లోనే ఫోటో ఆల్బములూ ఉన్నాయి, బురదలో నాని ఇటుకల్లా బిగుసుకుపోయి. పళ్ళ డాక్టరమ్మ తన ఆసుపత్రి కడిగించుకుంటూ అవి చూసిందట. చెత్తబండి వాళ్ళను ఆపి, ఆల్బములన్నీ లైబ్రరీ మేడ మీదికి మోయించింది. అక్కడ తొట్లలో మంచినీళ్ళు పోసి, పళ్ళు తోమే మెత్తటి బ్రష్షులతో ఒక్కొక్క ఫోటో మీది బురదా కడిగి, తీగలకు క్లిప్పులు పెట్టి ఆరవేయడం మొదలుపెట్టింది. ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు వచ్చి చేరారు. కంప్యూటరు తెలిసిన వాళ్ళు, స్కాన్ చేసిన బొమ్మలను ఇంటికి తీసుకెళ్ళి బాగుచేసి తెస్తున్నారు.

ఆమెకు ఆ విద్య వచ్చు. పెళ్ళికి ముందు ఒక స్టూడియోలో ఆమె చేసిన ఉద్యోగమే అది. చిరిగిన ఫోటోలు అతకడం, పోయిన కనుబొమ్మ తెచ్చిపెట్టడం. పెళ్ళిచూపుల్లో మగపెళ్ళివారు “అమ్మాయికి కంప్యూటరు కూడా వచ్చట” అని గొప్పగా చెప్పుకున్నారు. పెళ్ళయ్యాక ఆ విద్య, పెళ్ళిలో వచ్చిన పింగాణీ కప్పుల సెట్టులాగే, అద్దాల బీరువాలో ఉండిపోయింది. అప్పుడప్పుడూ భర్త ఆఫీసు కాగితాలు టైపు చేయడానికీ, కొడుకు ప్రాజెక్టుకు అట్ట తయారుచేయడానికీ బయటికి తీసేవారు. ఇప్పుడు కొడుకు హాస్టలుకు పోతూ వదిలేసిన పాత ల్యాప్‌టాప్ ఉంది. మీట ఒకటి ఊడిపోయి, దాని చోట వేలితో నొక్కితే పనిచేస్తుంది. భోజనాల బల్ల మీద కంచాలు తీశాక దాన్ని పెట్టుకుని కూర్చునేది. పోయిన చెంప స్థానంలో పక్కనున్న మంచి చెంప ముక్కను తెచ్చి అతికేది. కరిగిన రంగును చుక్కా చుక్కా వెనక్కి తోసేది. చాలా ఏళ్ళ తరవాత తన వేళ్ళు తనవేనని అనిపించేది.

“ఎవరి ముఖాలో ఏమిటో, మనకెందుకమ్మా” అనేది అత్తగారు. అంటూనే కుర్చీ దగ్గరికి లాక్కునేది. “ఆ పిల్ల ముక్కు కాస్త సన్నం చెయ్యి. చేతిలో పనేగా.”

“అలా చెయ్యకూడదత్తయ్యా. ఉన్నదున్నట్టే తేవాలి.”

“ఉన్నదున్నట్టు ఎవరిక్కావాలే?” అని ఆవిడ కళ్ళజోడు సర్దుకునేది.

ఒకరోజు భర్త కవరు ఒకటి బల్ల మీద పడేశాడు. అతని ఆఫీసరు పెళ్ళిఫోటో. వరదకూ దానికీ సంబంధం లేదు, పాతబడి పసుపెక్కింది, అంతే. “రేపటికి కావాలి. నేను మాటిచ్చేశాను” అన్నాడు. ఆమె వేళ్ళ మీద అతను మాటిచ్చాడు! ఆ పూట మాత్రం ఊరికే చేసే పని అనలేదు, పడుకోమనీ అనలేదు. పని పూర్తయ్యాక ఆఫీసరు అతని భుజం తట్టాడట. ఇంటికొచ్చి ఆ సంగతి తల్లికి రెండుసార్లు చెప్పాడు. ఆమె వంటగదిలోంచి రెండుసార్లూ విన్నది.

ఆ వారంలోనే దర్జీ వచ్చాడు.

లైబ్రరీ మేడ మీద, తీగల కింద, టవల్లో చుట్టిన ఫోటోను చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని నిలబడ్డాడు. కాలువ పక్కన అతనికి బట్టలు కుట్టే కొట్టు ఉండేది. భార్య పోయి ఏడాది. పెళ్ళిఫోటో వరదలో పూర్తిగా కరిగి తెల్లకాగితమైపోయింది. ఆవిడ ఉన్న ఫోటో ఇక ఇదొక్కటే.

ఆమె దాన్ని వెలుతురుకు పట్టి చూసింది. కొత్త కుట్టుమిషను కొన్నరోజు తీసిందట. మధ్యలో కుర్చీలో దర్జీ, మిషను మీద చెయ్యి వేసుకుని. చుట్టూ తమ్ముళ్ళు, మరదళ్ళు, పిల్లలు. ఎడమవైపు ఎవరిదో మేకపిల్ల కూడా ఉంది.

“మీ ఆవిడెక్కడండీ?”

అతను వేలితో చూపించాడు. కుడివైపు చివర, మరిది భుజం వెనక, టీ కప్పుల పళ్ళెంతో లోపలికి తిరగబోతున్న మనిషి. సగం ముఖం భుజం చాటున ఉంది. మిగిలిన సగంలో చెంప మీదికి నీళ్ళు పాకాయి.

“రమ్మని పిలిచానమ్మా. ఎప్పుడు పిలిచినా పనుందనేది” అన్నాడు దర్జీ. “నా పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టండి. కాస్త నవ్వుతున్నట్టు. కంప్యూటర్లో అన్నీ చేస్తారట కదా.”

“పోయినదాన్ని తెస్తామండీ. లేనిదాన్ని కల్పించం” అంది పళ్ళ డాక్టరమ్మ. అతను తలవంచుకుని ఏడ్చాడు. పెద్ద మగమనిషి అలా నలుగురిలో ఏడుస్తుంటే ఎవరికీ చేతులాడలేదు. చివరికి డాక్టరమ్మ ఆమె వైపు తిరిగి, “చేసేది నువ్వు. నీ మనసుకెలా తోస్తే అలా చెయ్యమ్మా” అంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆ సంగతి చెబితే భర్త జాలిపడ్డాడు. “పాపం, ఎంత ప్రేమో! మధ్యలో పెట్టెయ్. ఇంకో బొమ్మలోంచి ఒళ్ళు తెచ్చి, దీని ముఖం అతికిస్తే సరి. దానికంత ఆలోచనెందుకు?”

మర్నాడు మధ్యాహ్నం లైబ్రరీలో ఆమె ఫోటో స్కాన్ చేస్తుంటే ఒక అమ్మాయి మెట్లెక్కి వచ్చింది. నర్సు బట్టల్లోనే ఉంది. దర్జీ కూతురు.

“అక్కా, నాన్న మీకేదో చెప్పారట. అలా చెయ్యకండి.”

“ఎందుకమ్మా? ఆయన బాధపడుతున్నారు.”

“పడనివ్వండి.” మాట బయటికి వచ్చాక ఆ అమ్మాయికే కష్టమనిపించినట్టుంది, కుర్చీ అంచున కూర్చుంది. “అమ్మ ఆ కుర్చీలో ఎప్పుడు కూర్చుందక్కా? కత్తిరించేది నాన్న, మిషను తొక్కేది నాన్న. కాజాలు కుట్టడం, గుండీలు వెయ్యడం, అంచులు మడవడం అంతా అమ్మే, కింద కూర్చుని. బోర్డు మీద పేరు నాన్నది. కొట్టుకు వచ్చినవాళ్ళు ఎవరు కుట్టారని అడిగితే, ‘నా ఒక్కడి చెయ్యే’ అనేవాడు. అమ్మ అక్కడే ఉండేది, సూదిలో దారం ఎక్కించుకుంటూ. జ్వరమొచ్చినా స్కూలు యూనిఫారాలు పూర్తయ్యేదాకా లేవలేదు. ఆ తరవాత లేవలేకపోయింది. ఇప్పుడు పక్కన కుర్చీ వేసి కూర్చోబెడితే, మా పిల్లలు చూసి ఏమనుకుంటారు? అమ్మమ్మ మహారాణిలా బతికిందనుకుంటారు. ఆవిడ ఎక్కడ నిలబడిందో అక్కడే ఉంచండి. నాన్న ఒక్కసారన్నా చూడనివ్వండి.”

ఆ అమ్మాయి వెళ్ళాక ఆమె ఆ ఫోటో ముందు కూర్చుంది. ఎవరి మాట వినాలి? ఏడ్చే మగాడి మాట వినడం ఆమెకు చిన్నప్పటినుంచీ అలవాటు. నాన్న కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడనే చదువు మానింది. పెళ్ళయిన కొత్తలో భర్త “నువ్వు ఇంట్లో లేకపోతే నాకు దిక్కుతోచదు” అన్నాడనే స్టూడియో మానింది. అప్పుడది ప్రేమలాగే వినిపించింది. ప్రేమే కూడాను, కాదనడానికి లేదు. ఆకలేసినవాడికి అన్నం మీద ఉండే ప్రేమలాంటిది.

ఇంటికి వెళ్ళి పనిలో దిగింది. బొమ్మను పెద్దది చేసి, బురద మరకలను ఒక్కొక్కటే తుడుచుకుంటూ పళ్ళెం దాకా వచ్చింది. కప్పులు దొరికాయి. పళ్ళెం కింద వేళ్ళు దొరికాయి. నడిమివేలి మీద తెల్లగా ఏదో మెరుపు ఉంది. నీటిచుక్క తిన్నచోటనుకుని తుడిచేసింది. తుడిచాక ఏదో శంకించి, వెనక్కి తెచ్చి, ఇంకా పెద్దది చేసింది. మరక కాదు. సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకునే లోహపు టోపీ. ఇంట్లో అంత సందడి జరుగుతున్నా, ఫోటో తీస్తున్నా, టీలు అందిస్తున్నా, దాన్ని తియ్యడానికి ఆవిడకు తీరికలేదు. లోపల సగం కుట్టిన కాజా ఏదో ఉండే ఉంటుంది. టీలు ఇచ్చేసి దాని దగ్గరికే వెళ్తోంది.

తన చేత్తోనే తుడిచేసింది కదా దాన్ని! మరకలా కనిపించిన మాట నిజమే. కానీ పనిచేసే చేతిమీద పనిముట్టు ఉంటుందని ఆమెకు కూడా తట్టలేదు. పక్కన అత్తగారు వంగి చూస్తూ, “అదేమిటే, ఉంగరమా?” అంది. “కాదత్తయ్యా. పని” అంది ఆమె.

చెంపను బాగుచేసింది. కన్ను ఒకటే ఉంది, ఒకటే ఉంచింది. ఎదుటివాళ్ళని కాదు, కప్పుల్లో టీ తొణక్కుండా చూసుకుంటున్న కన్ను. మరిది భుజాన్ని పక్కకు జరపలేదు. నవ్వు పెట్టలేదు.

దర్జీ ఫోటో అందుకుని ముందు మధ్యలో వెతికాడు. తరవాత కుడివైపు చివరకు వచ్చాడు. చాలాసేపు చూశాడు. “వేలికి అది...” అన్నాడు. ఆ క్షణాన ఆమెకు ఏదో ఆశ కలిగింది, ఈ మనిషి చూస్తున్నాడు అని. అంతలో అతను ఫోటోను బల్ల మీద బోర్లా పెట్టేశాడు.

“నేనడిగింది ఇది కాదమ్మా. నా భార్యను పనిమనిషిలా చూపిస్తే నలుగురూ ఏమంటారు?”

మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఫోటో కూతురు వచ్చి తీసుకెళ్ళింది. ఆ అమ్మాయి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని వదిలేసింది.

కొన్నాళ్ళకు ఆదివారం పొద్దున ఆమె టిఫిను గిన్నెలు తెచ్చి పెడుతుండగా భర్త పేపరు పట్టుకుని భోజనాల బల్ల దగ్గరికి వచ్చాడు. వరద బాధితుల మీద ఒక పేజీ వేశారు. పైన పెద్దగా దర్జీ, చేతిలో పటం. ఆ పటంలో అతని పక్క కుర్చీలో భార్య, రెండు కళ్ళతో, పలువరస కనిపించేలా నవ్వుతోంది. ఊళ్ళో ఎవరో స్టూడియో కుర్రాళ్ళు ఆ పాత ఫోటోలోంచే చేసిపెట్టారట. ‘భార్య లేనిదే బతుకు లేదంటున్న దర్జీ’ అని కింద రాశారు.

“చూశావా? ఎంత బాగా చేశారో!” అన్నాడు భర్త. “ఈ మాత్రం నువ్వు చెయ్యలేకపోయావు. పేపర్లో నీ పేరు పడేది.”

ఆమె పేపరు దగ్గరికి తీసుకుని చూసింది. ఒళ్ళు ఎవరిదో. ఒళ్ళో పెట్టుకున్న చేతులు ఎవరివో, నున్నగా, పొడుగ్గా, ఏనాడూ సూది పట్టనివి. ముఖం కూడా, సగమే ఆవిడది. రెండో సగం మొదటి సగాన్నే తిప్పి అతికించారు. పళ్ళు ఎవరివో తెలియదు. ఆ నవ్వే ఇంకో ఏడాదికి ఆవిడ నవ్వైపోతుంది. మనవలకు ఆవిడ ఇలాగే గుర్తుంటుంది.

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని పేపరు మీదికి వంగింది. వేలితో ఆ కుర్చీని తడిమింది.

“అదృష్టవంతురాలు” అంది. “పోయాకైనా మొగుడు పక్కన కూర్చోబెట్టుకున్నాడు.”

ఆవిడ వెటకారంగా అనలేదు. నిజంగానే అంది. ఈవిడా ఒక ఇంట్లో యాభై ఏళ్ళపాటు వండి వార్చింది. ఆ యాభై ఏళ్ళకూ ఈవిడ పెట్టుకున్న ఆశ ఇంతేనా?

“అత్తయ్యా, నాకలాంటి అదృష్టం వద్దు” అంది ఆమె. గొంతు పెంచలేదు. “ఏవండీ, మీకూ చెబుతున్నాను. నేను పోయాక నన్ను ఏ కుర్చీలోనూ పెట్టకండి. పళ్ళ డాక్టరమ్మకు తెలిసినవాళ్ళు ఒక స్టూడియో నడుపుతున్నారు. పాత ఫోటోల పనికి మనిషి కావాలంటే ఒప్పుకున్నాను. రేపు పొద్దున వెళ్తున్నాను.”

“ఒప్పుకున్నావా? ఎవర్నడిగి?” అన్నాడు భర్త.

రోజూ అందరికీ వడ్డించి ఆఖరున తినే ఆమె, తనకు కూడా కంచం తెచ్చుకుంది. గిన్నెలన్నీ బల్ల మధ్యకు జరిపి, కుర్చీ లాక్కుని, వేడి చల్లారకముందే వడ్డించుకుని తినడం మొదలుపెట్టింది. భర్త అలవాటు ప్రకారం ఖాళీ గ్లాసు చాపాడు. “నీళ్ళు” అన్నాడు.

గ్లాసు గాల్లోనే ఉండిపోయింది. అత్తగారు కుర్చీ చేతుల మీద బరువు మోపి సగం లేచింది. కోడలి వైపు చూసింది. కోడలు తలెత్తలేదు, తింటోంది.

అత్తగారు మళ్ళీ కూర్చుంది.